పారబోయని బురద: మురుగునీటి శుద్ధిలో బాక్టీరియా సమాజాల చరిత్ర

ఉపోద్ఘాతం

మురుగునీటి శుద్ధి చరిత్రను సాధారణంగా ఇంజనీరింగ్ చరిత్రగా రాస్తారు. తొట్లు, పంపులు, గాలి గొట్టాలు అందులో కనిపిస్తాయి. పని చేసిన జీవులు కనిపించవు. ఆ జీవులను మానవుడు వినియోగించుకున్న క్రమానికీ, గుర్తించిన క్రమానికీ మధ్య ఎంత దూరం ఉందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

నైట్రీకరణ: రెండు అంచెల సిద్ధాంతం

1877లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ష్లోసింగ్, ముంట్జ్ మురుగునీటిని ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా పంపారు. కొన్నాళ్లకు అందులోని అమ్మోనియా నైట్రేటుగా మారసాగింది. క్లోరోఫామ్ ఆవిరి సోకగానే ఆ మార్పు ఆగిపోయింది. అది జీవక్రియ అని దీనివల్ల తేలింది. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఈ క్రియను రెండు అంచెలుగా విభజించాడు. అమ్మోనియాను నైట్రైటుగా మార్చే జీవులు వేరు; నైట్రైటును నైట్రేటుగా మార్చేవి వేరు.

మాంచెస్టర్ ప్రయోగం

1912లో అమెరికాలోని లారెన్స్ ప్రయోగశాలను సందర్శించి వచ్చిన గిల్బర్ట్ ఫౌలర్ ప్రేరణతో ఆర్డెర్న్, లాకెట్ మాంచెస్టర్‌లో మురుగునీటిలోకి గాలి పంపి చూశారు. నైట్రీకరణ పూర్తి కావడానికి తొలిసారి సుమారు ఐదు వారాలు పట్టింది. తేటనీటిని మాత్రమే తీసివేసి, అడుగున పేరుకున్న బురదను పారబోయకుండా దానిపైనే కొత్త మురుగునీరు పోశారు. ఇలా పదేపదే చేయగా ఆ వ్యవధి 24 గంటలకు తగ్గింది. 1914లో ప్రకటించిన ఈ పద్ధతికి ‘ఉత్తేజిత బురద’ అని పేరు పెట్టారు. నైట్రీకరణ బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. బురదతో పాటు పారబోస్తే అది మళ్లీ మొదటి నుంచి పెరగాలి. ప్రయోగ విజయానికి ఇదే కారణం. 1916లో ఫౌలర్ బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడిగా చేరాడు.

పేర్ల సవరణ

బురదలోని జీవులను గుర్తించడానికి అనుసరించిన మార్గం వాటిని ప్రయోగశాలలో విడివిడిగా పెంచడం. నైట్రైటు సమృద్ధిగా ఉన్న మాధ్యమంలో నైట్రోబాక్టర్ సులభంగా పెరిగింది. అందుచేత రెండో అంచె దానిదేనని పాఠ్యపుస్తకాలు దీర్ఘకాలం చెప్పాయి. 1990లలో జన్యు శోధకాలతో బురదనే నేరుగా పరీక్షించినప్పుడు, అనేక శుద్ధి కేంద్రాలలో నైట్రోస్పైరా ప్రధానంగా కనిపించింది. నైట్రైటు స్వల్పంగా ఉండే తొట్టిలో దానిదే పైచేయి. పెంపక మాధ్యమం తనకు అనుకూలమైన జీవినే చూపింది.

ఆ దశాబ్దంలోనే నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఒక శుద్ధి రియాక్టర్‌లో మరో మార్గం బయటపడింది. ఆక్సిజన్ లేకుండానే కొన్ని బాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైటుతో కలిపి నత్రజని వాయువుగా మారుస్తున్నాయని 1995లో ప్రకటించారు. 2015లో నైట్రోస్పైరా వర్గానికే చెందిన కొన్ని జీవులు రెండు అంచెలనూ ఒంటరిగా పూర్తిచేయగలవని రుజువైంది. వినోగ్రాడ్‌స్కీ విభజన సార్వత్రికం కాదని తేలడానికి 125 ఏళ్లు పట్టింది.

ముగింపు

ఆర్డెర్న్, లాకెట్లు బురదలో ఎవరున్నారో తెలియకుండానే ఆ సమాజాన్ని చెదరకుండా కాపాడారు. తర్వాతి పరిశోధకులు ఒక్కొక్క జీవినీ విడదీసి, విడదీయగలిగిన దానికే కర్తృత్వం కట్టబెట్టారు. ఆధారాన్ని సేకరించే పద్ధతే ఆధారాన్ని ఎంపిక చేస్తుందనే ఈ హెచ్చరిక విజ్ఞానశాస్త్ర చరిత్రకారులకూ వర్తిస్తుంది.