మత్తడి దూకే నెలలు: తాడ్వాయి దారిలో నగర సందర్శకుడు చూసేదేమిటి?

హైదరాబాద్ నుంచి పొద్దున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగలిగే చోట్లలో తాడ్వాయి ఒకటి అంటే, మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. తెలుగు పాఠకుల్లో ఎక్కువమందికి తాడ్వాయి అనగానే గుర్తొచ్చేది ములుగు జిల్లాలోది. మేడారం గద్దెలు ఆ మండలంలోనే ఉన్నాయి, చుట్టూ ఏటూరునాగారం అడవి. ఈ వ్యాసం దాని గురించి కాదు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే రోడ్డు మీద, కామారెడ్డి దాటాక పదీ పదిహేను కిలోమీటర్లలో వచ్చే తాడ్వాయి గురించి. ఒకటి నగరానికి ఈశాన్యాన, ఇంకొకటి వాయవ్యాన. ఫోన్ చూపించిన దారి పట్టి పోయేవారు జిల్లా పేరు కూడా చూసుకోకపోతే ఆ రోజు సెలవు రోడ్డు మీదే అయిపోతుంది.

ఈ ప్రాంతాన్ని ‘పర్యాటక ప్రాంతం’ అనడం ఈమధ్య మామూలైంది. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. చూడదగ్గవని చెబుతున్నవాటిలో చూడటం కోసం కట్టినవి ఎన్ని? ఈ దారి చుట్టుపక్కల ఉన్న పోచారం, నిజాంసాగర్ జలాశయాలు రెండూ పొలాలకు నీళ్లివ్వడానికి కట్టినవే. లింగంపేట నాగన్న బావిని తవ్వింది నీటి కోసం. సందర్శకుడు వీటికి ఆలస్యంగా వచ్చిన చుట్టం. అసలు హక్కుదారు ఆయకట్టు రైతు. ఈ వరస మరిచిపోయి రాసిన యాత్రా సమాచారం సగమే నిజమవుతుందని నా అభిప్రాయం.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. 1908 మూసీ వరద తర్వాత నగరం కోసం కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. మంజీరకు ఉపనది అయిన ఆలేరు మీద పోచారం 1922లో, నగరం పక్కనే హిమాయత్‌సాగర్ 1927లో, మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాయి. పన్నెండేళ్లలో నాలుగు జలాశయాలు. నగరవాసి ఆదివారం పూట గండిపేట (ఉస్మాన్‌సాగర్) కట్ట మీద మొక్కజొన్న పొత్తు కొరుకుతూ నిలబడేదీ, వంద కిలోమీటర్లు దాటి వచ్చి పోచారం కట్ట మీద నిలబడేదీ ఒకే కాలపు ఇంజనీరింగ్ మీద. నిజాంసాగర్ కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పుట్టినరోజు జూలై 11. తెలంగాణలో ఆ రోజును ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. కట్ట మీద ఫోటోలు దిగేవారిలో ఆ పేరు తెలిసినవారు కొద్దిమందే ఉంటారు.

ఇక అంకెలు. కట్టిన నాడు నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం 29.72 టీఎంసీలు. ఒండ్రు చేరి చేరి 1970ల నాటికి అది 11.8కి పడిపోయింది. అప్పుడు కట్ట ఎత్తు పెంచారు. ఇప్పుడు 1,405 అడుగుల పూర్తి మట్టం దగ్గర 17.8 టీఎంసీలు నిలుస్తాయి. అంటే ఎత్తు పెంచాక కూడా మొదటి సామర్థ్యంలో సుమారు నలభై శాతం దక్కలేదు. పోచారంలోనూ ఇదే దారి: 2.423 నుంచి 1.82 టీఎంసీలకు, అంటే పావు వంతు పోయింది. ఒడ్డున నిలబడ్డ మనిషికి ఇదేమీ కనిపించదు. నీటి అంచు నిండుగానే ఉంటుంది, లోపల మట్టి ఎంత పేరుకుందో పైకి తెలియదు. కానీ నిల్వ తగ్గిన చెరువు త్వరగా నిండుతుంది, త్వరగా ఖాళీ అవుతుంది. కాబట్టి నీళ్లు చూడటానికి వచ్చేవారికి దొరికే నెలలు తగ్గి ఉంటాయన్నది సహేతుకమైన ఊహ. దీన్ని ఊహగానే తీసుకోవాలి, ఎందుకంటే ఏ ఏడు ఎన్ని నెలలు నిండుగా ఉంటుందో ఒండ్రు ఒక్కటే తేల్చదు. వాన, యాసంగి విడుదల, ఎగువ వాడకం అన్నీ కలిసి తేలుస్తాయి.

ఎగువ వాడకం అన్నచోట కాస్త ఆగాలి. నిజాంసాగర్‌కు పైన, అదే మంజీర మీద సింగూరు ఉంది. సుమారు 30 టీఎంసీల జలాశయం. దాని ముఖ్య ప్రయోజనాల్లో ఒకటి హైదరాబాద్ తాగునీరు. అంతకు ముందే, 1965 నుంచి, మంజీర బ్యారేజీ నగరానికి నీళ్లిస్తోంది. అంటే శనివారం వరకు కుళాయిలో మంజీర నీళ్లు పట్టుకున్న కుటుంబమే ఆదివారం కారేసుకుని వచ్చి, నిజాంసాగర్‌లో నీళ్లెందుకు లేవని అడగవచ్చు. 2015–16 కరువులో సింగూరు అడుగంటింది, నగరం కృష్ణా, గోదావరి నీళ్ల మీద ఆధారపడాల్సి వచ్చింది, దిగువన నిజాంసాగర్ ఎండింది. నగరం వాడకమే నిజాంసాగర్ కరువుకు కారణమని ఇంతమాత్రంతో తేల్చలేం. ఆ ఏడు వానే పడలేదు. అయినా ఒక నది నీళ్లు తాగేవారూ, వాటితో పండించేవారూ, వాటిని చూడటానికి వచ్చేవారూ ఉన్నప్పుడు మూడోవారి వంతు చివరిదేనని ఒప్పుకోక తప్పదు.

ఈ వైపు ఊళ్లలో ఎవరూ జలాశయం నిండిందా అని అడగరు. ‘మత్తడి దూకుతుందా?’ అని అడుగుతారు. చెరువు నిండి, మిగులు నీరు రాతికట్టు మీదుగా పొర్లే చోటు మత్తడి. ఆంధ్ర వైపు దాన్నే అలుగు అంటారు. పోచారం దగ్గర మత్తడి దూకుతున్నప్పుడు చూడాల్సింది దూరపు దృశ్యం కాదు. రాతి అంచు దాకా అద్దంలా వచ్చిన నీరు అంచు దాటగానే తెల్లగా విరిగి, మెట్టు మెట్టుకీ నురుగు కక్కుతూ దిగుతుంది. పక్కవాడి మాట వినబడదు. కింద నీరు మళ్లీ నెమ్మదించిన చోట వలలు పట్టుకుని కొందరు, చేపలు బేరమాడుతూ ఇంకొందరు. ఈ దృశ్యానికి టికెట్ లేదు, వేళలు లేవు, కచ్చితమైన తేదీ లేదు. మామూలుగా ఆగస్టు, సెప్టెంబరు అనుకోవచ్చు. వాన పడని ఏడు అదీ లేదు.

2025 ఆగస్టు 27, 28 తేదీలు దీనికి రెండో ముఖం చూపించాయి. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్కరోజు వాన 40 సెంటీమీటర్లు దాటింది. 44వ జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పోచారం మీదికి దాని రూపకల్పన నాటి అంచనాకు రెట్టింపు మించిన వరద వచ్చింది. కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్లు వణికాయి. ఒక పక్క కోత పడినా, నూరేళ్లు దాటిన ఆ కట్ట నిలిచింది. మత్తడి దూకే అందమూ, ప్రమాదమూ ఒకే వాన నుంచి పుడతాయి. వీడియోలు ఈ రెండింటి మధ్య తేడా చెప్పవు.

వానతో పని లేకుండా చూడగలిగినవీ ఉన్నాయి, అవి తక్కువే. దోమకొండ గడి కామారెడ్డి వైపు ఉంది. కామినేని వంశీకులది. లోపల కాకతీయ శైలి మహాదేవాలయం ఉంది. కోటను శ్రద్ధగా బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో మెరిట్ అవార్డు దక్కింది. దీన్ని ‘యునెస్కో వారసత్వ స్థలం’ అని రాసేవారు పొరబడుతున్నారు. అది వేరే జాబితా, తెలంగాణ నుంచి అందులో ఉన్నది రామప్ప గుడి. గడి ప్రైవేటు ఆస్తి కనుక లోపలికి వెళ్లే వీలుందో లేదో ముందే కనుక్కోవడం మేలు. లింగంపేట నాగన్న మెట్ల బావి తాడ్వాయి దాటాక అదే రోడ్డు మీది ఊళ్లో ఉంది. చాన్నాళ్లు చెత్తా చెదారంలో మునిగి, ఈమధ్యే పూడిక తీశాక బయటపడింది. నన్ను అడిగితే ఈ దారి మొత్తంలో పావుగంట కాకుండా గంట ఇవ్వాల్సింది ఆ బావికే. మెట్లు దిగుతున్నకొద్దీ ఎండ పైనే ఉండిపోతుంది.

తాడ్వాయిలో శబరిమాత ఆశ్రమం, ఆ మండలంలోనే సంతాయిపేట భీమేశ్వరాలయం ఉన్నాయి. వీటిని జలాశయాలతో కలిపి ఒకే జాబితాలో వేయడం సరికాదు. అక్కడికి వచ్చేవారు భక్తులు. శివరాత్రికి వచ్చే జనం చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. నగరం నుంచి వచ్చినవారు అక్కడ అతిథులుగా మసలుకుంటే చాలు.

పోచారం అభయారణ్యం సుమారు 130 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన అడవి, 1952లో అభయారణ్యమైంది. జింకల పెంపకం కేంద్రం ఉంది, చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. వానాకాలంలో కట్ట దగ్గర గుమిగూడే జనంలో అడవిలోకి చూసేవారు అరుదు. నీళ్ల కోసం ఆగస్టులో వచ్చినవారు పక్షుల కోసం డిసెంబరులో మళ్లీ రావాలి. తిరుగు ప్రయాణంలో మెదక్ మీదుగా వస్తే 1924 డిసెంబరు 25న ప్రారంభమైన చర్చి కూడా దారిలోనే.

కాబట్టి హైదరాబాద్ నుంచి వచ్చేవారికి ఈ దారి గురించి ఇవ్వాల్సిన సమాచారంలో కిలోమీటర్ల కంటే నెల ముఖ్యం. బయలుదేరే ముందు పోచారం, నిజాంసాగర్ నీటి మట్టాలు చూసుకోండి, ఆ రోజు పేపర్‌లో దొరుకుతాయి. లింగంపేటలోనో ఎల్లారెడ్డిలోనో తెలిసినవారుంటే మత్తడి దూకుతుందా అని ఒక మాట అడగండి. భారీ వాన హెచ్చరిక ఉన్నా, గేట్లు ఎత్తారని వార్త వచ్చినా రెండు రోజులు ఆగి రండి.