చిలుకపిల్ల చెప్పిన కథ

మన దేశమున చిలుకకు దక్కిన గౌరవము మరియొక పక్షికి అరుదుగా దక్కినది. గోదాదేవి చేతను, మధుర మీనాక్షి చేతను చిలుక యున్నది. మన్మథునికి అది వాహనము. వాత్స్యాయనుడు కామసూత్రములలో లెక్కించిన 64 కళలలో చిలుకలకును గోరువంకలకును మాటలు నేర్పుట యొకటి.

ఈ విద్య కీర్తి దేశము దాటి పోయినది. క్రీ. పూ. 400 ప్రాంతమున పారసీక చక్రవర్తికి వైద్యుడైన టీసియస్ అను గ్రీకు రచయిత, భారతదేశమున మనుష్యభాష పలుకు పక్షి కలదనియు, నేర్పినచో అది గ్రీకు భాషయు పలుకగలదనియు వ్రాసినాడు.

ఇంతకు చిలుక మనకు ఇంత చేరువ యగుటకు కారణమేమి? అది చెట్టు తొఱ్ఱలో గ్రుడ్లు పెట్టును. పిల్ల కన్నులు తెఱువక, ఈకలు లేక పుట్టును. తల్లిదండ్రులు నోటికందించు మేతతోనే వారముల తరబడి పెరుగును. ఆ దశలో దానిని తొఱ్ఱ నుండి తీసి మనుష్యుడు మేపినచో, ఆ చేతినే అది నమ్ముకొనును. అడవిలోని చిలుక గుంపుగా బ్రతుకుచు, తోటి పక్షుల కూతలను విని నేర్చుకొనును. పంజరమున గుంపు లేదు. ఇంటివారే దాని గుంపు. కావున వారి మాటలనే నేర్చును. మనము తెలివి యని మురిసిపోవు పలుకులలో తోడు కొరకైన ఆరాటము కూడ కలదు.

ఈ చనువుకు పక్షి చెల్లించు వెలను చూచిన కవి బాణభట్టు. 7వ శతాబ్దమున హర్షచక్రవర్తి ఆస్థానమున నుండిన ఆయన, కాదంబరిలో కథ చెప్పు పని నొక చిలుకకే అప్పగించినాడు. వైశంపాయనమను ఆ చిలుక శూద్రక మహారాజు సభలో తన బాల్యమును చెప్పుకొనును. పుట్టినపుడే తల్లి పోయినది. ముసలి తండ్రి పెంచినాడు. ఒకనాడు వేటగాడొకడు బూరుగుచెట్టెక్కి, గూళ్లలోని చిలుకలను చంపి క్రింద పడవేసినాడు. తండ్రి రెక్కల చాటున నున్న పిల్ల ఎండుటాకులపై పడి బ్రతికినది. దాహముతో ప్రాకుచున్న దానిని హారీతుడను మునికుమారుడు సరస్సునకు కొనిపోయి, నీటిచుక్కలు త్రాగించి, ఆశ్రమమునకు చేర్చినాడు. అక్కడను మనుష్యుని చేయియే పిల్లను పెంచినది. కాని ఆ చేయి గూటిని దోచినది కాదు.

బాణుడు చూపిన ఈ భేదమును చట్టము గుర్తించుటకు పదమూడు శతాబ్దములు పట్టినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. దాని క్రింద నేడు మన దేశపు చిలుకలను పట్టుట, అమ్ముట, పంజరమున నుంచుట నేరములు. గూటి నుండి జారిన పిల్ల దొరికినచో అటవీశాఖ వారికి అప్పగింపవలెను. పక్షిని పెంచు ముచ్చట తీరనివారికి ఆస్ట్రేలియా దేశపు బడ్జెరిగార్ చిలుకలున్నవి. 1840లో జాన్ గూల్డ్ వానిని ప్రాణముతో ఇంగ్లండునకు తెచ్చినది మొదలు, అవి తరతరములుగా పంజరములలోనే పుట్టి పెరుగుచున్నవి.

మన రామచిలుకను ప్రేమించువారు పెరటి జామచెట్టున నాలుగు పండ్లు కోయక విడిచిన చాలును. అది రాగలదు. మన మాటలు పలుకదు. తన కూత తాను కూసి, గుంపుతో కలిసి ఎగిరిపోవును.