బద్వేలు విచారణ నుంచి సిస్టీన్ మందిరం దాకా

ప్రపంచ కతోలిక శ్రీసభకు అధిపతి అయిన పోపు, అంటే తెలుగు కతోలికులు జగద్గురువుగా వ్యవహరించే రోమ్ నగర పీఠాధిపతి, ఆ స్థానానికి వంశ పరంపర వల్ల గానీ గురుశిష్య పరంపర వల్ల గానీ రారు. ఎనభై ఏళ్లు నిండని కార్డినళ్లు వాటికన్‌లోని సిస్టీన్ మందిరంలో తలుపులు మూసుకొని వేసే రహస్య ఓటుతో ఎన్నికవుతారు. తిరుమల ఆలయ పాలనను 1843 నుంచి 1933 దాకా నిర్వహించిన హాథీరాంజీ మఠంలో మహంతు స్థానం గురువు నుంచి శిష్యుడికి సంక్రమించిన తీరు చిత్తూరు, తిరుపతి ప్రాంతాల పాఠకులకు తెలిసినదే కాబట్టి, రోమ్ పద్ధతికీ దానికీ గల తేడాను ఇక్కడే గుర్తించవచ్చు: పోపు తన వారసుడిని ప్రకటించడానికి శ్రీసభ చట్టం ఒప్పుకోదు, అయితే ఆ వారసుడిని ఎన్నుకొనే కార్డినళ్లను నియమించే అధికారం మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనే ఉంటుంది. 2025 మే నెలలో ఓటు వేసిన 133 మంది కార్డినళ్లలో 108 మందిని నియమించినది అంతకు కొద్ది రోజుల ముందు, ఏప్రిల్ 21న, కన్నుమూసిన పోపు ఫ్రాన్సిస్. ఆ 108 మందిలో ఒకరు కడప మేత్రాసనంలో గురుపట్టం పొంది, బద్వేలు వంటి ఊళ్లలో విచారణ గురువుగా పనిచేసిన పూల ఆంథోని.

మేత్రాసనం అంటే ఒక పీఠాధిపతి పాలన కింద ఉండే ప్రాంతం. విచారణ అంటే ఆ ప్రాంతంలో ఒక గురువుకు అప్పగించిన కొన్ని ఊళ్ల సముదాయం. కడప మేత్రాసనాన్ని నెల్లూరు మేత్రాసనం నుంచి విడదీసి 1976 అక్టోబరు 19న ఏర్పాటు చేశారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా కూడా దాని పరిధిలోదే కనుక, తిరుపతి, చిత్తూరు, మదనపల్లె కతోలికులకు పూల ఆంథోని పరాయి జిల్లా మనిషి కాదు, సొంత మేత్రాసనం గురువు. ఈ ప్రాంతంలోని క్రైస్తవులందరూ పోపు పరిధిలోకి వస్తారనుకోవడం పొరపాటు. అమెరికన్ ఆర్కాటు మిషన్ వారసత్వంగా చిత్తూరు, మదనపల్లెలలో నిలిచిన దక్షిణ ఇండియా సంఘానికీ, తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘానికీ రోమ్‌తో పాలనా సంబంధం లేదు. పల్లెల్లో ‘ఆర్‌సీఎం’ అని పిలిచే గుడులూ బడులూ మాత్రమే ఆ పరిధిలోనివి.

పోపుల ఎన్నికలకూ చిత్తూరు సీమకూ సంబంధం నిన్న మొన్నటిది కాదు. ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుదుచ్చేరి కేంద్రంగా పద్దెనిమిదో శతాబ్దం తొలి సంవత్సరాలలో కర్ణాటక మిషన్‌ను నెలకొల్పినప్పుడు, 1701లో ఫాదర్ మోదుయి పడమటి సీమల మీదుగా సాగించిన ప్రయాణంలో పుంగనూరు చేరారు. ఆ తర్వాత ఫాదర్ ద లా ఫాంతేన్ అక్కడ పని సాగించడంతో, తెలుగు నేల మీద ఆ మిషన్ తొలి స్థావరాలలో ఒకటిగా పుంగనూరు నిలిచింది. కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసుల జీవన విధానంలో మెలిగిన ఈ గురువులు తమ అనుభవాలను ఉత్తరాలుగా రాసి పంపగా, అవి పారిస్‌లో సంపుటాలుగా అచ్చయి యూరప్ అంతటా చదువరులను సంపాదించుకొన్నాయి. ఆ మిషన్‌కు చెందిన ఫాదర్ కేర్దు తెలుగు, సంస్కృతాలను శ్రద్ధగా నేర్చి, సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఉన్న పోలికలను విలియం జోన్స్ కన్నా ముందే పారిస్ పండితులకు తెలియజేశారు. ఇంత కృషికి గండి కొట్టినది రోమ్‌లో జరిగిన ఒక ఎన్నిక. స్పెయిన్, ఫ్రాన్స్, నేపుల్స్ రాజ దర్బారులు జెస్యూట్ సభను మూసివేయించాలని పట్టుబట్టిన కాలంలో, 1769లో, ఆ ఒత్తిడి నీడలోనే ఎన్నికైన 14వ క్లెమెంట్ పోపు 1773లో ఆ సభను రద్దు చేయగా, కర్ణాటక మిషన్ బాధ్యత పారిస్ విదేశీ మిషన్ సంస్థ చేతికి మారి, తెలుగు పల్లెలకు చాలినంత మంది గురువులు లేకుండా పోయారు. రోమ్‌లో ఎవరు గెలిచారన్నది పుంగనూరులో బలిపూజ ఎవరు చేస్తారన్న దాన్ని తేల్చిందనడంలో అతిశయోక్తి లేదు. 1814లో 7వ పయస్ పోపు జెస్యూట్ సభను పునరుద్ధరించారు. ఆ సభ నుంచి తొలిసారిగా ఒకరు పోపు కావడానికి 2013 దాకా ఆగవలసి వచ్చింది. ఆ జెస్యూట్ పోపు ఫ్రాన్సిసే రాయలసీమ గురువును కార్డినల్‌గా ఎంచుకొన్నారు.

ఎన్నికలో రాజుల జోక్యం అంతకు ముందూ ఉంది, ఆ తర్వాతా కొనసాగింది. తొలి శతాబ్దాలలో రోమ్ నగర గురువులూ ప్రజలూ కలిసి తమ పీఠాధిపతిని ఎన్నుకొనేవారు. నగరంలోని ప్రభువంశాలూ చక్రవర్తులూ ఆ ఎన్నికను చేజిక్కించుకోవడంతో, 1059లో 2వ నికోలస్ పోపు ఎన్నిక అధికారాన్ని కార్డినళ్లకు అప్పగించారు. మూడింట రెండు వంతుల మెజారిటీ ఉండాలన్న నియమాన్ని 1179లో మూడవ లాతరాను మహాసభ తెచ్చింది. ఈ నియమం చీలికలను తగ్గించింది గానీ జాప్యాన్ని పెంచింది: 1268లో మొదలైన ఎన్నిక ఇటలీలోని వితెర్బో పట్టణంలో 1271 దాకా సాగగా, విసిగిపోయిన పట్టణవాసులు కార్డినళ్లను భవనంలో బంధించి, తిండి తగ్గించి, చివరకు పైకప్పు కూడా తొలగించారు. అప్పుడు ఎన్నికైన 10వ గ్రెగరీ ఆ సమయానికి పాలస్తీనా తీరంలో ఉన్నారు, ఇంకా గురుపట్టమైనా పొందలేదు. తాను పోపు అయిన తీరును మరచిపోని ఆయన 1274లో, కార్డినళ్లను ఒకే చోట మూసి ఉంచాలనీ, రోజులు గడిచే కొద్దీ ఆహారం తగ్గించాలనీ శాసనం చేశారు. ఈనాటి కాన్‌క్లేవ్, అంటే బయటి ప్రపంచంతో సంబంధం తెంచుకొని జరిపే ఎన్నిక సమావేశం, అక్కడ పుట్టినదే. రాజుల వీటో చివరిసారిగా 1903లో వినిపించింది: ఆస్ట్రియా చక్రవర్తి తరఫున ఒక కార్డినల్ రాంపోల్లా అనే కార్డినల్ మీద అభ్యంతరం చదవగా, ఆ ఎన్నికలోనే పోపు అయిన 10వ పయస్ మరుసటి ఏడాదే అటువంటి జోక్యాన్ని నిషేధించారు.

ఒక గురువు సిస్టీన్ మందిరం దాకా చేరే దారిలో ఏ మెట్టూ తనంత తానుగా ఎక్కగలిగినది కాదు. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం, వేదశాస్త్రం చదివిన తర్వాత మొదట డీకన్ పట్టం, ఆ పైన గురుపట్టం లభిస్తాయి; గురుపట్టానికి సాధారణంగా 25 ఏళ్లు నిండాలి. పీఠాధిపతి కావడానికి కనీసం 35 ఏళ్ల వయసు, గురువుగా అయిదేళ్ల అనుభవం, వేదశాస్త్రంలో గానీ శ్రీసభ చట్టంలో గానీ ఉన్నత విద్య లేదా నిజమైన ప్రావీణ్యం కావాలి. ఖాళీ ఏర్పడినప్పుడు ఢిల్లీలోని పోపు రాయబారి గోప్యంగా విచారణ జరిపి, ముగ్గురి పేర్లతో జాబితా కూర్చి రోమ్‌కు పంపుతారు. భారత్‌లోని లాటిన్ సంప్రదాయ మేత్రాసనాలు సువార్తీకరణ విభాగం పరిధిలోవి కనుక, ఆ విభాగం పరిశీలించిన తర్వాత పోపు నిర్ణయం తీసుకొంటారు. పేరు పరిశీలనలో ఉన్న సంగతి ఆ గురువుకు చాలాసార్లు చివరి దాకా తెలియదు.

పూల ఆంథోని జీవితంలో ఈ మెట్లన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. 1961 నవంబరు 15న కర్నూలు మేత్రాసనంలోని పోలూరులో పేద దళిత కుటుంబంలో పుట్టిన ఆయనకు ఏడో తరగతి తర్వాత చదువు ఆగిపోయే పరిస్థితి వస్తే, మిషనరీల సాయంతో కడపలో చదువు కొనసాగింది. నూజివీడు చిన్న గురువిద్యాలయంలోనూ, బెంగళూరు పునీత పేతురు గురువిద్యాలయంలోనూ శిక్షణ పొంది, 1992 ఫిబ్రవరి 20న కడప మేత్రాసనానికి గురువయ్యారు. కడప మరియమాత ప్రధాన దేవాలయంలో సహాయ గురువుగా మొదలుపెట్టి, ఆమగంపల్లి, టేకూరుపేట, బద్వేలు, వీరపల్లి విచారణలలో పనిచేశారు. వీటిలో ఎక్కువ కాలం, 1995 నుంచి 2000 దాకా, గడిపినది బద్వేలులోనే. ఆ తర్వాత అమెరికాలోని షికాగో నగరంలో సేవ చేస్తూ అక్కడి లొయోలా విశ్వవిద్యాలయంలో పైచదువు చదివారు. తిరిగి వచ్చాక మేత్రాసనంలో పేద పిల్లల, వృద్ధుల సంక్షేమ కార్యక్రమాన్నీ, విద్యా వ్యవహారాలనూ చూసుకొన్నారు. 2008లో కర్నూలు పీఠాధిపతిగా, 2020 నవంబరు 19న హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా, అంటే పలు మేత్రాసనాలకు పెద్దగా, నియమితులయ్యారు. 2022 మే 29న రోమ్‌లో పోపు ఫ్రాన్సిస్ చదివిన కొత్త కార్డినళ్ల పేర్లలో ఆయన పేరు వినిపించింది. అదే ఏడాది ఆగస్టు 27న ఎర్రటోపీ అందుకొని, తెలుగువారిలోనూ దళితులలోనూ తొలి కార్డినల్ అయ్యారు.

ఇందులో రెండో సంగతి మొదటిదాని కన్నా బరువైనది. భారత కతోలికులలో అధిక సంఖ్యాకులు దళితులే అయినా పీఠాధిపతులలో వారి సంఖ్య చాలా తక్కువ. 2000లో హైదరాబాదు అగ్రపీఠానికి వచ్చిన మారంపూడి జోజి దేశంలోనే తొలి దళిత అగ్రపీఠాధిపతి అంటే, స్వతంత్ర భారతంలో సగం శతాబ్దం దాటినా ఆ తలుపు తెరుచుకోలేదన్న మాట. గుడి బయట మరో తలుపు ఇంకా మూసే ఉంది: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవం స్వీకరించిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వదు, ఆంధ్రప్రదేశ్‌లో వారు బీసీ-సీ వర్గంలో ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకొంటున్నారు. ఒక్క కార్డినల్ నియామకంతో ఈ లెక్క సరికాదు, కానీ పోపును ఎన్నుకొనే మందిరంలో ఆ పల్లెల నుంచి ఒకరు కూర్చోవడం ఎంతో ఆలస్యంగా జరిగిన న్యాయం.

2025 మే 7న ఆ మందిరంలోకి వెళ్లిన భారతీయులు నలుగురు: గోవాకు చెందిన ఫిలిప్ నెరి ఫెర్రావ్, కేరళకు చెందిన బసేలియోస్ క్లీమిస్, జార్జ్ జాకబ్ కూవకాడ్, వారితో పూల ఆంథోని. ఓటు వేసే తీరు శతాబ్దాలుగా పెద్దగా మారలేదు. దీర్ఘచతురస్రాకారపు కాగితం మీద లాటిన్‌లో ‘సర్వోన్నత పీఠాధిపతిగా ఎన్నుకొంటున్నాను’ అన్న అర్థం వచ్చే మాటలు అచ్చువేసి ఉంటాయి. వాటి కింద ప్రతి కార్డినల్ తన దస్తూరి పోల్చలేని విధంగా ఒక పేరు రాసి, మడిచి, అందరికీ కనబడేలా చేత పట్టుకొని మైకెలాంజెలో చిత్రించిన తుది తీర్పు చిత్రం కింద ఉన్న బలిపీఠం దగ్గరికి నడిచి, తీర్పరి అయిన క్రీస్తు సాక్షిగా ప్రమాణం చేసి, కాగితాన్ని పళ్లెంలో ఉంచి పాత్రలోకి జారవిడుస్తారు. లెక్కించే ముగ్గురిలో చివరివారు పేరు పైకి చదివి, ‘ఎన్నుకొంటున్నాను’ అన్న మాట దగ్గర సూదితో గుచ్చి కాగితాలన్నిటినీ ఒకే దారానికి కూర్చుతారు. ఆ పైన వాటిని కాల్చివేస్తారు. నల్ల పొగ వస్తే ఎన్నిక తేలలేదని, తెల్ల పొగ వస్తే పోపు ఎన్నికయ్యారని బయటి జనం గ్రహిస్తారు.

ఆ ఎన్నికలో గెలవడానికి 89 ఓట్లు కావాలి. మొదటి రోజు ఒక విడత, మరుసటి ఉదయం రెండు విడతలు తేలకపోగా, మే 8 సాయంత్రం నాలుగో విడతలో కార్డినల్ రాబర్ట్ ప్రెవోస్ట్ ఎన్నికై 14వ లియో అన్న పేరు తీసుకొన్నారు. ఆయన దారి కూడా విచారణ గురువుల దారికి దూరమైనది కాదు: 1955లో షికాగోలో పుట్టి, అగస్టీనియన్ సభలో చేరి, పెరూ దేశంలో మిషనరీగా ఏళ్ల తరబడి పనిచేసి, 2015లో అక్కడి చిక్లాయో మేత్రాసనానికి పీఠాధిపతి అయ్యారు; 2023లో రోమ్‌లో పీఠాధిపతుల విభాగానికి అధిపతిగానూ, అదే ఏడాది సెప్టెంబరు 30న కార్డినల్‌గానూ నియమితులై, రెండేళ్లు నిండకముందే పోపు అయ్యారు. అంటే పూల ఆంథోని ఆయన కన్నా ఒక ఏడాది ముందే కార్డినల్ అయ్యారు.

చట్టం ప్రకారం బాప్తిస్మం పొందిన కతోలిక పురుషుడెవరైనా ఎన్నికకు అర్హుడే, పీఠాధిపతి కానివారైతే ఎన్నికైన వెంటనే ఆ పట్టం ఇస్తారు; ఆచరణలో మాత్రం 1378లో 6వ అర్బన్ తర్వాత కార్డినల్ కానివారెవరూ పోపు కాలేదు. 14వ లియో వారసుడి ఎన్నిక ఎప్పుడు జరిగినా, 2041 నవంబరు 15న ఎనభై ఏళ్లు నిండే దాకా పూల ఆంథోనికి అందులో ఓటు ఉంటుంది, ఎన్నికయ్యే అర్హత మాత్రం ఆ తర్వాత కూడా ఉంటుంది.