650 మాటల వెనక వందేళ్ల చరిత్ర

1922లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దరఖాస్తు ఫారంలో కొన్ని కొత్త ప్రశ్నలు చేరాయి. అభ్యర్థి జాతి ఏమిటి? ఏ మతం? తల్లి పుట్టింటి పేరేమిటి? తండ్రి ఎక్కడ పుట్టాడు? వీటితో పాటు ఇంకో ప్రశ్న కూడా ఉంది: పుట్టిన తర్వాత అభ్యర్థి గానీ, అతని తండ్రి గానీ పేరు మార్చుకున్నారా? మార్చుకుంటే ఆ సంగతి వివరంగా రాయాలి.

ఆ ప్రశ్న యూదుల కోసం పెట్టిందే. వలస వచ్చిన కుటుంబాల్లో చాలామంది కొత్త దేశంలో ఇంటిపేరు మార్చుకునేవారు. అలా మార్చుకున్నవాళ్లెవరో కనిపెట్టడానికి అది పనికొచ్చింది. ఇవాళ మన పిల్లలు అమెరికా కాలేజీలకు రాస్తున్న వ్యక్తిగత వ్యాసం మూలాలు వెతుకుతూ వెళ్తే ఆ ఫారం దగ్గరకే చేరతాం.

అంతకుముందు పద్ధతి వేరు. లాటిన్, గ్రీకు, గణితం వంటి వాటిలో పరీక్ష పెట్టేవారు, గట్టెక్కినవాడికి సీటు దొరికేది. 1900లో కొన్ని కాలేజీలు కలిసి ఉమ్మడి పరీక్షా మండలి పెట్టుకున్నాయి. 1901 జూన్‌లో జరిగిన మొదటి పరీక్షలు రాసినవాళ్లు 973 మంది. అది డబ్బున్న బడుల్లో చదివినవాళ్లకు అనుకూలమైన పరీక్షే, సందేహం లేదు. అయినా జవాబు పత్రం చూసి ఇంటి చరిత్ర అడిగేవారు కాదు. ఆ పరీక్షల్లో యూదు విద్యార్థులు బాగా నెగ్గుకొచ్చారు. 1922 నాటికి హార్వర్డ్ మొదటి సంవత్సరం తరగతిలో వాళ్లు ఐదో వంతు దాటారు. అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కు అది నచ్చలేదు. వాళ్లను 15 శాతానికి పరిమితం చేద్దామన్నాడు. అధ్యాపకులు ఒప్పుకోలేదు. దాంతో 1926లో వేరే దారి తొక్కారు. మార్కులతో పాటు ‘శీలం’, ‘వ్యక్తిత్వం’ కూడా చూస్తామన్నారు. ఫొటో, సిఫార్సు లేఖ, ముఖాముఖి అన్నీ ఆ పేరుతోనే బలపడ్డాయి. యూదుల సంఖ్య పడిపోయింది. కోటా అనే మాట వాడకుండానే కోటా అమలైంది. ఇది అన్యాయం. వందేళ్లు గడిచాయి కదా అని దాని రంగు మారదు.

ఆ రోజుల్లో వ్యాసం ఎంత ఉండేదో చూడాలంటే జాన్ కెనెడీ దరఖాస్తు ఉంది. 1935 ఏప్రిల్‌లో నింపిన ఆ ఫారం ఆయన పేరిట ఉన్న గ్రంథాలయంలో భద్రంగా ఉంది. హార్వర్డ్‌కు ఎందుకు రావాలనుకుంటున్నావన్న ప్రశ్న కింద కొద్దిపాటి చోటు వదిలారు. పదిహేడేళ్ల కెనెడీ చేతిరాతతో ఐదు వాక్యాలు రాశాడు. మంచి చదువు దొరుకుతుంది, ఎప్పటినుంచో అక్కడ చేరాలని ఉంది, నాన్న చదివిన చోటే చదవాలనుంది అన్నది వాటి సారం. ప్రిన్స్‌టన్‌కు కూడా ఇంచుమించు ఇవే మాటలు పంపాడు. రెండు చోట్లా సీటు వచ్చింది. ఆ ఖాళీలో పెద్దగా రాయాల్సిన అవసరం ఆయనకు లేదు. తండ్రి ఎవరో ఫారంలోనే ఉంది.

తర్వాతి కాలంలో వ్యాసం ఫారం దాటి విడి కాగితం మీదికి వచ్చింది. దాని రూపురేఖలను టైపు మిషను నిర్ణయించింది. ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవు ఉన్న కాగితం, నాలుగు వైపులా అంగుళం మార్జిన్, వరుసకీ వరుసకీ మధ్య ఒక వరుస ఖాళీ, పేరా మొదట్లో ఐదు అక్షరాల జాగా. అంగుళానికి పది అక్షరాలు పడే మిషను మీద ఇలా కొడితే పేజీకి సుమారు 250 మాటలు పడతాయి. 500 మాటల వ్యాసమంటే రెండు కాగితాలన్న మాట. ఆ ఖాళీ వరుసలు అందం కోసం వదిలినవి కావు. దిద్దేవారి పెన్సిలుకు చోటు కావాలి. కంప్యూటర్లు వచ్చాక కూడా బడి పంతుళ్లు టైమ్స్ న్యూ రోమన్, 12 సైజు, డబుల్ స్పేస్ అనే పాఠాన్నే కొనసాగించారు.

1975లో 15 ప్రైవేటు కాలేజీలు కలిసి ‘కామన్ అప్లికేషన్’ మొదలుపెట్టాయి. ఒకే ఫారం నింపి అన్నింటికీ పంపొచ్చు. ఈ రోజు అందులో వెయ్యికి పైగా సంస్థలున్నాయి. ఒకప్పుడు ఆన్‌లైన్‌లో వ్యాసాన్ని ఫైలుగా ఎక్కించేవారు. ఫాంటు, మార్జిన్ విద్యార్థి ఇష్టం. 2013లో కొత్త వ్యవస్థ తెచ్చి ఫైలు తీసేసి టెక్స్ట్ బాక్స్ పెట్టారు. 250 మాటలకు తగ్గకూడదు, 650 దాటకూడదు. ఆ శరత్కాలంలో గందరగోళం అంతా ఇంతా కాదు. పిల్లలు వేరే చోట రాసి తెచ్చి అతికించిన వ్యాసాల్లో పేరాలు కలిసిపోయాయి, ఖాళీలు మాయమయ్యాయి, ప్రివ్యూ తెరుచుకోలేదు. చాలా కాలేజీలు గడువు పొడిగించాల్సి వచ్చింది.

అయినా నా మటుకు ఆ టెక్స్ట్ బాక్స్ వల్ల మేలే జరిగింది. ఖరీదైన కాగితం, అందమైన ఫాంటు అక్కడ చెల్లవు. అందరి వ్యాసమూ దాదాపు ఒకే రూపంలో చదివేవారి ముందుకు వెళ్తుంది. విద్యార్థి చేతిలో ముఖ్యంగా మిగిలేది పేరాలు విడగొట్టడమే. కాబట్టి బడిలో నేర్పిన డబుల్ స్పేస్ మర్చిపోవాలి. పేరాకీ పేరాకీ మధ్య ఒక వరుస వదలాలి. ట్యాబ్ కొట్టి జరిపిన మొదటి వరుస అక్కడ నిలవకపోవచ్చు, దాన్ని నమ్ముకోకూడదు. శీర్షిక తప్పనిసరి కాదు, పెడితే దాని మాటలు కూడా లెక్కలోకి వస్తాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పద్ధతి ఇంకోలా ఉంటుంది. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగు ఎంచుకుని, ఒక్కోదానికి 350 మాటలకు మించకుండా రాయాలి. 650 మాటల వ్యాసాన్ని కోసి అక్కడ అతికిస్తే కుదరదు.

‘వ్యక్తిత్వం’ కథ అయిపోయిందనుకోకండి. హార్వర్డ్ వ్యక్తిత్వానికి వేసే అంకెల్లో ఆసియా మూలాలున్న పిల్లలను తక్కువ చేస్తోందన్న ఆరోపణతో వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కింది కోర్టులు హార్వర్డ్ పక్షానే తీర్పిచ్చాయి. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు, జాతిని లెక్కలోకి తీసుకునే అడ్మిషన్ల పద్ధతిని కొట్టేసింది. అయితే జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో అభ్యర్థి వ్యాసంలో రాసుకుంటే దాన్ని చూడొచ్చని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు. 1922లో ఇంటిపేరు గుట్టు బయటపెట్టడానికి ఫారంలో చోటిచ్చారు. ఇప్పుడు తన కథను తానే చెప్పుకోవడానికి పిల్లలకు మిగిలిన చోటు వ్యాసమే. డాలస్‌లో, న్యూజెర్సీలో పెరిగే తెలుగు పిల్లలకూ, ఇక్కడి నుంచి దరఖాస్తు చేసేవారికీ ఇది వర్తిస్తుంది.

అందుకే తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ 650 మాటలు డబ్బిచ్చి ఎవరిచేతా రాయించకండి. పిల్లలనే రాయనివ్వండి. గడువుకు వారం ముందే ప్రివ్యూ తెరిపించి, పేరాలు వేరువేరుగా ఉన్నాయో లేదో, చివరి వాక్యం పూర్తిగా వచ్చిందో లేదో వాళ్ల పక్కన కూర్చుని చూడండి.