న్యూయార్కు వద్దన్న చట్టం

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. వాడు ఫోన్ చెయ్యడమే ఒక వింత. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ తప్ప వాడి నుంచి నాకు వేరే సమాచారం రాదు.

"మావయ్యా, బాండు బ్రేక్ చేస్తే పోలీసులొస్తారా?"

విషయం ఏమిటంటే, గచ్చిబౌలిలో ఒక కంపెనీలో చేరి వాడికి పద్నాలుగు నెలలైంది. చేరేటప్పుడు రెండేళ్ళకి బాండు రాయించుకున్నారు. మధ్యలో మానేస్తే మూడు లక్షలు కట్టాలి. అదే కాగితంలో కింద ఇంకో పేరా ఉంది: మానేశాక కూడా ఏడాదిపాటు పోటీ కంపెనీలో గానీ, క్లయింటు దగ్గర గానీ చేరకూడదు. ఇప్పుడు ఆ క్లయింటే పిలిచి ఉద్యోగం ఇస్తానంటున్నాడు.

నాకు ఒక్కసారిగా 2003 గుర్తొచ్చింది. నేను మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం పెట్టాను. హామీదారుగా నాన్న పెట్టారు. డెబ్బై అయిదు వేలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో. తొమ్మిది నెలలకి బెంగుళూరులో మంచి ఉద్యోగం వచ్చింది. మా నాన్న స్కూలు టీచరు. పీఎఫ్ మీద లోను తీసి, చేతిసంచిలో డబ్బు పెట్టుకుని తెనాలి నుంచి రాత్రి రైల్లో వచ్చారు. పదింటికి ఆ ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చుంటే పన్నెండున్నరకి లోపలికి పిలిచారు. డబ్బు లెక్క పెట్టుకుని సర్టిఫికెట్ల కవరు చేతిలో పెట్టారు. ఒక లాయరుని అడుగుదామని ఆయనకీ తోచలేదు, నాకూ తోచలేదు. స్టాంపు కాగితం మీద రాసిందంటే అది శిలాశాసనమే అనుకున్నాం.

మావాడి పుణ్యమా అని ఇరవై ఏళ్ళు ఆలస్యంగా ఆ పని మొదలుపెట్టాను. ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాదు, కోడు రాసుకు బతికేవాణ్ణి. ఇది సలహా అనుకోకండి. చదువుతుంటే కథ బాగుందనిపించి రాస్తున్నా, అంతే.

కథ న్యూయార్కులో మొదలవుతుంది. ఫీల్డు అని ఒక కుటుంబం, అన్నదమ్ములు అందరూ ఘనులే. సైరస్ ఫీల్డు అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫు తీగ వేయించాడు. 1858లో వేసింది కొన్ని వారాలకే చచ్చిపోయింది, 1866లో వేసింది నిలబడింది. మన ఇంటర్నెట్ కేబుళ్ళకి ముత్తాత అది. స్టీఫెన్ ఫీల్డు బంగారం రోజుల్లో, 1849లో, కాలిఫోర్నియా వెళ్ళి అక్కడ జడ్జీ అయ్యి, చివరికి అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయాడు. పెద్దవాడు డేవిడ్ డడ్లీ ఫీల్డు న్యూయార్కులో పెద్ద బిజినెస్ లాయరు. రైల్‌రోడ్ షేర్లతో ఆటలాడిన జే గూల్డు లాంటివాళ్ళు ఆయన క్లయింట్లు. కాబట్టి ఆయన్ని మరీ మహాత్ముణ్ణి చెయ్యక్కర్లేదు.

కానీ ఆయనకి ఒక పిచ్చి ఉండేది. చట్టమంతా వందల ఏళ్ళ తీర్పుల గుట్టల్లో చెదిరిపడి ఉంది, మామూలు మనిషికి అది దొరకదు, దాన్ని నెంబర్లు వేసి ఒక పుస్తకంగా రాయాలి అని. డాక్యుమెంటేషన్ లేని పాత సిస్టమ్‌ని తిరగరాద్దామని పట్టుబట్టే సీనియర్ ప్రతి టీములోనూ ఒకడుంటాడు కదా, అలాగన్నమాట. 1865కి సివిల్ కోడు ముసాయిదా తయారైంది. అందులో ఒక చిన్న నిబంధన: ఒక మనిషిని న్యాయమైన వృత్తి, వ్యాపారం చేసుకోనివ్వకుండా ఆపే ఒప్పందం ఏదైనా, ఆపినంతమేరకు చెల్లదు. మినహాయింపులు ఒకటో రెండో ఉన్నాయి. వ్యాపారాన్ని పేరుతో సహా అమ్మేసినవాడు పక్కనే మళ్ళీ కొట్టు పెట్టకూడదు, అలాంటివి.

ఇంగ్లండు పద్ధతి వేరు. 1414లో అద్దకం పనివాడు ఒకడు ఆరు నెలలు ఊళ్ళో పని చెయ్యనని రాసిచ్చిన కాగితం కోర్టుకొస్తే, జడ్జీ దావా వేసినవాడి మీద మండిపడ్డాడట. 1711కి వచ్చేసరికి ఆ కోపం చల్లారింది. రొట్టెలవాడి కేసులో, ఆంక్ష సమంజసంగా ఉంటే చెల్లుతుందన్నారు. ఈ 'సమంజసం' అన్న మాటే లాయర్లకి అన్నం పెడుతుంది. ఏది సమంజసమో తేలాలంటే కోర్టుకెళ్ళాలి. కోర్టుకెళ్ళే స్తోమత కంపెనీకుంటుంది, ఉద్యోగికి ఉండదు. ఫీల్డు రాసిన దాంట్లో ఆ మాటకి చోటు లేదు.

న్యూయార్కు లాయర్లు ఫీల్డు కోడుని ఒప్పుకోలేదు. చట్టసభ గడప దాటినా గవర్నర్ల వీటోతో ఆగిపోయింది. సొంత ఊళ్ళో అది ఎప్పటికీ చట్టం కాలేదు.

తమ్ముడు వెళ్ళిన కాలిఫోర్నియా మాత్రం 1872 మార్చిలో దాన్ని తీసేసుకుంది. సరిగ్గా నెల పైచిలుకు తేడాతో, అదే ఏడాది ఏప్రిల్ 25న, మన దేశంలో ఇండియన్ కాంట్రాక్టు చట్టం ఆమోదం పొందింది. అందులో సెక్షన్ 27 ఆ న్యూయార్కు ముసాయిదాలోంచి తెచ్చినదే. ఇంగ్లండువాడు మనకి చట్టం రాస్తూ ఇంగ్లండులో లేని రూలు, న్యూయార్కు వద్దన్న రూలు పెట్టాడు! పోలక్ లాంటి ఇంగ్లీషు పండితులు తర్వాత దీన్ని చూసి, ఇదేం మొండి సూత్రం అని విసుక్కున్నారు. 1958లో మన లా కమిషన్ కూడా తన 13వ నివేదికలో 'సమంజసమైన' ఆంక్షల్ని ఒప్పుకునేలా మార్చమంది. ఎవరూ మార్చలేదు. ఒక్కోసారి మన బద్ధకమే మనల్ని కాపాడుతుంది.

ఇంతవరకూ చదివి నేను తెల్లదొరలకి దండం పెట్టబోయాను. ఈలోగా ఇంకో చట్టం కనబడింది. 1859 నాటి 13వ చట్టం. అడ్వాన్సు తీసుకున్న పనివాడు పనికి రాకపోతే మేజిస్ట్రేటు వాణ్ణి పనిలోకి వెళ్ళమనో, డబ్బు కట్టమనో ఆర్డరు వెయ్యొచ్చు. వినకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల కోసం మొదలై తర్వాత తోటలకీ పాకింది. దీన్ని రద్దు చేసింది 1925లో. అంటే 1872 నుంచి యాభై ఏళ్ళు ఈ రెండు చట్టాలూ పక్కపక్కనే బతికాయి. వ్యాపారి చేతులు కట్టెయ్యకూడదు, కూలివాడి చేతులు కట్టెయ్యొచ్చు. మా ఊళ్ళో పాలేర్లు ఉగాదికి అడ్వాన్సు పుచ్చుకుని ఏడాదంతా కదల్లేకపోవడం మా తాత చెప్పేవాడు. మావాడు "పోలీసులొస్తారా" అని అడగడం నవ్వులాటగా అనిపించింది గానీ, ఒకప్పుడు నిజంగానే వచ్చేవారు!

సెక్షన్ 27 మీద మొదటి పెద్ద కేసు 1874లో కలకత్తాలో. ఒకే పేటలో ఒకే వ్యాపారం చేసే ఇద్దరు. ఒకడు రెండోవాడితో, "నువ్వు ఇక్కడ కొట్టు మూసెయ్యి, నీ పనివాళ్ళకి నువ్విచ్చిన అడ్వాన్సులన్నీ నేను కడతా" అన్నాడు. వాడు మూసేశాడు. వీడు కట్టలేదు. కోర్టుకెళ్తే జడ్జీ కౌచ్, ఒక్క పేటకే పరిమితమైన ఆంక్ష అయినా ఆంక్షే, ఒప్పందమే చెల్లదు పొమ్మన్నాడు. కొట్టు పోయె, డబ్బూ పోయె. పాపం, చట్టం మొదట కాపాడింది మాట తప్పినవాణ్ణి.

కాలిఫోర్నియాలో ఈ రూలు ఏం చేసిందో మన వాళ్ళకి చెప్పక్కర్లేదు. 1957లో ఎనిమిదిమంది షాక్లీ కంపెనీలోంచి లేచిపోయి ఫెయిర్‌చైల్డ్ పెట్టారు. అందులో ఇద్దరు 1968లో అక్కణ్ణుంచీ లేచిపోయి ఇంటెల్ పెట్టారు. సిలికాన్ వ్యాలీ గెలిచి బోస్టన్ వెనకబడటానికి ఈ సెక్షనే పెద్ద కారణమని 1999లో రొనాల్డ్ గిల్సన్ అనే లా ప్రొఫెసరు వాదించాడు. అదొక్కటే కారణమని నేననుకోను. కానీ పదిహేను మైళ్ళలో పది ఉద్యోగాలు మారగలిగిన చోటికీ, ఏడాది ఇంట్లో కూర్చోవలసిన చోటికీ తేడా ఉండదా?

సరే, మన దగ్గరకొద్దాం. మనకీ అదే సెక్షను ఉంది కదా, మరి మనం ఎందుకు వణుకుతున్నాం? ఇక్కడే అసలు మెలిక. బాండులో రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి, మనం రెండిటినీ కలిపేసి భయపడుతున్నాం. ఒకటి, ఒప్పుకున్న గడువు లోపల మానేస్తే ఏమిటి? రెండు, మానేశాక నేనెక్కడ చెయ్యాలో పాత కంపెనీ చెప్పొచ్చా?

మొదటిదాని మీద 1967లో సెంచురీ స్పిన్నింగ్ కేసు వచ్చింది. టైరు దారం తయారుచేసే ప్లాంటులో షిఫ్టు సూపర్‌వైజరు అయిదేళ్ళకి ఒప్పుకుని, ఏడాదిన్నర తిరిగేసరికి కోటాలో ఇంకో కంపెనీలో చేరిపోయాడు. ఆ అయిదేళ్ళ లోపల పోటీ కంపెనీలో అదే పని చెయ్యకూడదన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. రెండోదాని మీద 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ కేసు. తీసేసిన మేనేజరు సొంతంగా అదే వ్యాపారం పెట్టుకున్నాడు. 'మానేసిన' అంటే తనంతట తాను మానేసినవాడని, తీసేసినవాడు కాదని కంపెనీని పంపేశారు. జస్టిస్ ఏ.పీ. సేన్ ఇంకో అడుగు వేసి, ఉద్యోగం తర్వాతి ఆంక్షకి సెక్షన్ 27 కింద సమంజసమా కాదా అన్న ప్రశ్నే లేదు, అది చెల్లదంతే అన్నారు. 2006లో జహీర్ ఖాన్ కేసులోనూ కోర్టు అదే దారిలో వెళ్ళింది. కాంట్రాక్టు అయిపోయాక పాత ఏజెన్సీ ఆయన్ని పట్టుకుని ఉంచలేకపోయింది.

2025లో రెండు ప్రశ్నలకీ నెలన్నర తేడాలో తాజా జవాబులొచ్చాయి. మే 14న విజయా బ్యాంకు కేసు. 2007లో సీనియర్ మేనేజరుగా చేరిన ఆయన మూడేళ్ళు ఉండాలి, లేకపోతే 2 లక్షలు కట్టాలి. 2009లో మానేసి వేరే బ్యాంకుకి వెళ్తూ, నిరసన తెలుపుతూనే డబ్బు కట్టి, కోర్టుకెళ్ళాడు. కర్ణాటక హైకోర్టు ఆయన వైపు మొగ్గింది. సుప్రీంకోర్టు బ్యాంకు వైపు తీర్పిచ్చింది. ఇది వేరే ఉద్యోగం చెయ్యొద్దనే షరతు కాదు, గడువు లోపల మానేస్తే పరిహారం కట్టమనేది మాత్రమే అంది. ప్రభుత్వ బ్యాంకు నోటిఫికేషన్, పరీక్ష, ఇంటర్వ్యూలతో మళ్ళీ మొదటి నుంచి నియామకం చెయ్యాలి, ఆ ఖర్చుకి, ఆ జీతానికి 2 లక్షలు అతి కాదంది. (తీర్పు వచ్చేనాటికి గెలిచిన బ్యాంకే లేదు. 2019లో బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది.)

జూన్ 25న ఢిల్లీ హైకోర్టు తీర్పు. అది మన కులంవాడి కేసే. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, పోషణ్ ట్రాకర్ ప్రాజెక్టులో క్లయింటు దగ్గర పనిచేసి, రాజీనామా చేసి ఆ క్లయింటు అయిన డిజిటల్ ఇండియా కార్పొరేషన్‌లోనే చేరాడు. పాత కంపెనీ మూడేళ్ళ నిషేధం చూపించి కింది కోర్టులో ఆర్డరు తెచ్చుకుంది. హైకోర్టు దాన్ని కొట్టేసింది. అతను రాసిన సాఫ్ట్‌వేర్ మీద హక్కులు క్లయింటువే అయినప్పుడు కంపెనీ రహస్యం ఎత్తుకుపోయాడన్న వాదనా నిలబడలేదు.

మే నెల తీర్పు చూసి హెచ్‌ఆర్‌లు బాండుల్లో అంకెలు పెంచుతారేమోనని నా భయం. కానీ ఆ తీర్పులో బరువంతా ప్రభుత్వ బ్యాంకు నియామకాల మీదే ఉంది. లింక్డిన్‌లో శనివారం మెసేజ్ పెట్టి సోమవారం ఆఫరిచ్చే కంపెనీకి ఆ ఖర్చు ఏముంటుంది? పైగా సెక్షన్ 74 ప్రకారం కాగితం మీది అంకె గరిష్ఠం మాత్రమే. కోర్టు ఇప్పించేది అందులో సమంజసమైన పరిహారం.

అమెరికాలో ఉన్న మిత్రులు నవ్వుకోనక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో అక్కడి ఎఫ్‌టీసీ దేశమంతా ఇలాంటి ఆంక్షల్ని నిషేధిస్తే, ఆగస్టులో టెక్సస్ కోర్టు దాన్ని కొట్టేసింది. 2025 సెప్టెంబరులో ఎఫ్‌టీసీయే అప్పీలు వదిలేసుకుంది. కాబట్టి డాలస్‌లో ఉన్నవాడికి ఒక రూలు, శాన్ హోసేలో ఉన్నవాడికి ఇంకో రూలు. హెచ్1బీ వాళ్ళని గడువు కంటే ముందు మానేసినందుకు జరిమానా కట్టించకూడదని 1998 నుంచీ చట్టం ఉంది. నిజమైన నష్టపరిహారం మాత్రం రాష్ట్ర చట్టాన్ని బట్టి అడగొచ్చు. ఆ రెండిటికీ మధ్య గీత ఎక్కడుందో తెలీక మనవాళ్ళు ఎందరు కన్సల్టెన్సీలకి చెక్కులు రాశారో. ఇక న్యూయార్కు సంగతి వినండి. 2023లో చట్టసభ ఇలాంటి ఆంక్షల నిషేధానికి బిల్లు పాస్ చేసింది. డిసెంబరులో గవర్నరు వీటో చేసింది. ఫీల్డు గారు పోయి అప్పటికి 129 ఏళ్ళు.

ఇదంతా మావాడికి గంటసేపు చెప్పాను. "సరే మావయ్యా, ఫీల్డు సంగతి తర్వాత, నా మూడు లక్షల సంగతి చెప్పు" అన్నాడు. వాడిదీ న్యాయమే. ఏడాది నిషేధం గురించి నిద్ర పాడుచేసుకోకు, మూడు లక్షల గురించి మాత్రం లాయరుని కలువు అన్నాను. కలిశాడు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, నీకిచ్చిన ట్రైనింగ్ ఏమిటి అని. రెండు వారాల రికార్డింగు వీడియోలు. ఆ లెక్క వివరంగా చూపించమని కంపెనీకి ఉత్తరం రాయించింది. జవాబు ఇంకా రాలేదు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన చివరిదాకా విని, "అయితే మనం కట్టిన డబ్బు అడగొచ్చంటావా ఇప్పుడు?" అన్నారు. దావా వెయ్యడానికి గడువు మూడేళ్ళు నాన్నా, ఎప్పుడో దాటిపోయింది అన్నాను. "పోన్లే, ఆ స్టాంపు కాగితం జిరాక్సు బీరువాలో ఉంది, వాడికి పనికొస్తుందేమో పంపించనా?" అన్నారు.