పదకొండు శాతం చార్జి

నీ బొటనవేలు ఒక చనిపోయిన మనిషి చెవి చుట్టూ తిరుగుతోంది.

నెమ్మదిగా తిప్పు. చెవి తమ్మె దగ్గర ఏమరితే వెనకున్న పెళ్లిపందిరి గుడ్డ ఆకుపచ్చగా అంటుకుని వచ్చేస్తుంది. రెండు వేళ్లతో ఫొటో పెద్దది చేసి, పిసరంత చెరిపి, మళ్లీ చిన్నది చేసి చూసుకుంటావు. శుభ్రంగా వచ్చింది. కానీ ఆయన ఎడమ భుజం మీద ఇంకెవరిదో చెయ్యి ఉంది. గ్రూపు ఫొటో కదా. గాజులున్న చెయ్యి. అదీ తీసేయాలి. తీసినచోట చొక్కా గళ్లు తెగకూడదు, గీతకు గీత కలవాలి. కుడి భుజం ముక్క కాపీ చేసి, తిరగేసి, ఇటు అతికిస్తావు.

బయట గాలి మొదలైంది.

రాత్రి పదకొండున్నర. 2021 మే 25. ఖరగ్‌పూర్, మథురాకాటి, రైల్వే క్వార్టరు. ముందుగదిలో నేలమీద చాప, చాప మీద నువ్వు. నీకు ఇరవై ఏళ్లు. చదువు కోల్‌కతాలో ఆర్టు కాలేజీ. లోకల్ ఎక్కి హౌరా వెళ్లేదానివి. కిటికీ పక్కన చోటు దొరికితే ఊరు చేరేలోపు స్కెచ్‌బుక్కులో నాలుగు పేజీలు నిండేవి. 2020 మార్చి 22న రైళ్లు ఆగిపోయాయి. నవంబరు 11న లోకళ్లు మళ్లీ కదిలినా కాలేజీ తెరవలేదు. ఈ నెల 6 నుంచి లోకళ్లూ లేవు. స్టాఫ్ స్పెషళ్లు, దూరపు బళ్లు, గూడ్సులు మాత్రం తిరుగుతున్నాయి. యాస్ తుఫాను వస్తోందని రేపటి బళ్లు చాలావరకు రద్దు చేశారు. యార్డులో ఖాళీ బోగీలు గాలికి దొర్లిపోకుండా చక్రాలకు గొలుసులు వేసి తాళాలు బిగించి ఉంటారు. నాన్న చెప్పాడు. ఆయనకు అవన్నీ తెలుసు. వర్క్‌షాపులో ఫిట్టరు.

నాన్న లోపలి గదిలో ఉన్నాడు. తలుపు వేసి ఉంది. దగ్గు వినిపిస్తోంది.

పనిలో పడు. శ్రద్ధాంజలి కార్డులో పేరు కింద చనిపోయినాయన స్వస్థలం రాయాలి. టెక్కలి దగ్గరి పల్లె. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాల్తేరు దాకా పట్టాలు కలిపిన రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల నుంచి పనికోసం బయల్దేరి ఇక్కడ దిగినవాళ్లలో ఈయన తాత కూడా ఒకడై ఉంటాడు. మీ ముత్తాతా అలా వచ్చినవాడే. నాలుగో తరం వచ్చినా ఈ వీధిలో పెళ్లికీ చావుకీ కబురు టెక్కలికీ పలాసకీ బొబ్బిలికీ వెళ్లాల్సిందే. ఇప్పుడు మనుషులు కదిలే వీలు లేదు. అంత్యక్రియలకు ఇరవైమందిని మించనివ్వడం లేదు. అందుకని కార్డు వెళ్తుంది, వాట్సాప్‌లో. పెద్దకర్మ ఎల్లుండి. కార్డు రేపు పొద్దున్నకల్లా కావాలి.

కరోనాకి ముందు నువ్వు గోల్‌బజార్‌లో ఒక ఫ్లెక్సీ షాపులో సాయంత్రాలు కూర్చునేదానివి. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, మాత పూజల బ్యానర్లు. షాపు కంప్యూటర్లో ‘శ్రద్ధాంజలి’ అని కొడితే ఒత్తులు విడిపోయి పక్కకు జరిగి కూర్చునేవి. ఫొటోషాప్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అని ఒక సెట్టింగు ఉంది, అది పెడితే ధ ఒత్తు, ద కిందికి చేరుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఎన్ని సాయంత్రాలు పట్టిందో నీకే తెలుసు. ఇవాళ ఫోనులోనే చేస్తున్నావు. పెద్దక్షరాలకు రామభద్ర పెట్టి చూస్తావు. మరీ లావు. చావుకబురు అంత గట్టిగా అరవకూడదు. మల్లన్న పెడతావు. కింది వరసలకు సురవరం. జననం, మరణం తేదీల మధ్య గీత కాస్త పొడుగు. సరిపోయింది.

మొన్న మార్చిలో ఎన్నికలప్పుడు గోడరాతల పని దొరికింది. బెంగాలీ, హిందీ, తెలుగు, మూడూ రాయగల చెయ్యి కావాలన్నారు. అంతకు ముందు 2020 డిసెంబరులోనే రాష్ట్ర మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో చేర్చడానికి ఒప్పుకుంది. ఈ ఊరి తెలుగువాళ్లు ఏళ్ల తరబడి అడిగింది అదే. ఆ వార్త వచ్చిన రోజు నాన్న నీ చేతివైపు చూసి, "ఇంక నీకు పనే పని" అన్నాడు. ఈ మే నెలలో పనికి లోటు లేదు. అన్నీ ఈ కార్డులే. ఆధార్ ఫొటోలోంచి ఒక మొహం, రేషన్ కార్డులోంచి ఒక మొహం, పెళ్లి గ్రూపులోంచి ఒక మొహం. తీయడం, దండ వేయడం, పంపడం.

డబ్బు? ఇంతవరకు చాలామంది ఇవ్వలేదు. "ఇంట్లోనే ఖాళీగా ఉన్నావు కదమ్మా" అంటారు. చావింట్లో డబ్బు అడగడానికి నీకు నోరు రాదు.

కాలేజీ పని కూడా రేపే. మధ్యాహ్నం పన్నెండుకు గడువు. గోల్‌బజార్ సైన్‌బోర్డుల మీద వేసిన బొమ్మలు, ఒకే రేకు మీద పక్కపక్కన బతికే మూడు లిపులు. ఫైలు పెద్దది. నీకు రోజుకు ఒకటిన్నర జీబీ డేటా, అది పగలు క్లాసుకే హరించుకుపోతుంది. అర్ధరాత్రి దాటితే కొత్తది వస్తుంది. పోయినవారం క్లాసులో సార్ బెంగాలీలో చెప్పిన మాట గుర్తుంది. ఐక్యరాజ్యసమితి ఈ 2021ని సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ సంవత్సరంగా ప్రకటించిందట. ఆ మాట సగంలో ఉండగా నీ ఫోను తెర బిగుసుకుపోయింది. క్లాసు ఈ ఫోనే. కొట్టు ఈ ఫోనే. నాన్నకు ఏమైనా అయితే ఆసుపత్రికి దారీ ఈ ఫోనే.

"అమ్మడూ, ఓసారి చూడు."

అమ్మ గొంతు. లేస్తావు. రెండు మాస్కులు, ఒకదానిమీద ఒకటి. తలుపు తీస్తే కర్పూరం, చెమట, మందుల వాసన. నాన్న వేలికి ఆక్సీమీటర్ తగిలిస్తావు. వేలు చల్లగా ఉంటే అంకె తప్పు చూపిస్తుంది, అందుకని ముందు ఆ వేలిని నీ రెండు అరచేతుల మధ్య రుద్దుతావు. గ్రీజు మరక చర్మంలోకి ఇంకిపోయిన వేలు. పోయిన ఏడాది లాక్‌డౌన్‌లో ఈ చేతులే స్లీపర్ బోగీల్లో మధ్య బెర్తులు విప్పాయి, ఐసొలేషన్ వార్డుల కోసం. దేశం మొత్తమ్మీద ఐదువేలకు పైగా బోగీలను అలా మార్చారు.

తొంభై నాలుగు.

"ఎంతే?" గుమ్మం దగ్గర్నుంచే అమ్మ.

"తొంభై నాలుగు. పరవాలేదు."

పరవాలేదా? తొంభై నాలుగు కంటే తగ్గితే ఊరుకోవద్దని ఆరోగ్యశాఖ చెప్పింది. ఇది గట్టు మీదున్న అంకె. నాన్న నవ్వబోతాడు. టీవీలో చూశాడట, టాటానగర్‌లో, రవుర్కెలాలో ఆక్సిజన్ ట్యాంకర్లను రైలెక్కించి పంపుతున్నారట. "మన సౌత్ ఈస్టర్నే" అంటాడు, తమ రైల్వే జోను గురించి. ఆ మూడు మాటలకే ఆయాసపడి ఆగుతాడు.

పన్నెండు దాటింది. కొత్త డేటా వచ్చింది. అప్‌లోడ్ నొక్కుతావు. నీలం గీత చీమలా పాకుతోంది. కార్డులో గాజుల చెయ్యి ఇంకా పూర్తిగా పోలేదు. చార్జరు గుచ్చి పనిచేస్తున్నావు.

రెండున్నరకు కరెంటు పోతుంది.

ఫ్యాను ఆగుతుంది. వాన చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొస్తుంది. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. ఫోను చార్జి ముప్పై నాలుగు. ఊళ్లో ఎవరి ఫోనైనా ఇప్పుడు ఉన్న చార్జి ఉన్నంతవరకే. తెర వెలుతురు తగ్గిస్తావు. అప్‌లోడ్ నడుస్తూనే ఉంది. అది చార్జి తాగుతోంది. తెలిసీ ఆపవు. ఆర్నెల్ల చదువు అందులో ఉంది.

నాలుగుంబావు. చార్జి పదకొండు. అప్‌లోడ్ అరవై రెండు శాతం.

లోపల దగ్గు ఆగింది.

అదే భయం. లేస్తావు. టార్చి. నాన్న కళ్లు తెరిచే ఉన్నాడు. ఛాతీ గబగబా ఎగసిపడుతోంది. వేలు రుద్దు. తగిలించు. అంకె వెతుక్కుంటోంది.

తొంభై ఒకటి.

బోర్లా తిప్పాలి. ఎందుకంటే బోర్లా పడుకుంటే వీపువైపు ఊపిరితిత్తులు తెరుచుకుంటాయి, గాలి బాగా అందుతుంది. మెడ కింద ఒక దిండు. ఛాతీ నుంచి తొడల దాకా రెండు. కాళ్ల కింద ఇంకో రెండు. ఇంట్లో ఉన్నవి మూడే. దుప్పట్లు మడిచి పెడతావు. "నాన్నా, ఇటు తిరుగు. నెమ్మదిగా." అమ్మ కూడా వచ్చేసింది. వద్దన్నా వచ్చేసింది.

తొంభై రెండు.

తొంభై.

ఎనభై తొమ్మిది.

ఫోను చేయాలి. చార్జి తొమ్మిది. అప్‌లోడ్ డెబ్బై ఒకటి. రెండూ సాగవు. ఫోను ఆరిపోతే నాన్నకు దారి లేదు.

రద్దు నొక్కు.

నొక్కావు.

రైల్వే ఆసుపత్రి. రింగు. ఇంకో రింగు. ఎత్తారు. పేరు. క్వార్టరు నంబరు. అంకె. "ఎనభై తొమ్మిదండీ. తొందరగా." వస్తున్నామన్నారు. ఎనిమిది శాతం.

వాన. చీకటి. పక్క క్వార్టరు తలుపు బాదుతావు. "మావయ్యా!" ఆయన తడుస్తూ వస్తాడు. మొహానికి తువ్వాలు కట్టుకుంటాడు. లోపలికి రావద్దంటావు. వినడు. కుర్చీ తెస్తాడు. నాన్నను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన ఒకవైపు, నువ్వొకవైపు. గాలి తలుపును లాక్కుంటోంది. అంబులెన్సు లైటు. నీలం. ఎరుపు. నీలం. తెల్లటి కిట్లు వేసుకున్న ఇద్దరు. మాస్కు పెట్టారు. సిలిండరు తిప్పారు. సన్నగా ఈల.

తొంభై మూడు. తొంభై ఐదు.

అప్పుడు నీ కాళ్లు వణకడం మొదలవుతుంది.

లోపలికి నిన్ను రానివ్వరు. బయట వరండాలో తడిసిన బట్టలతో కూర్చుంటావు. తెల్లారుతుంది. గార్డు దయతలిచి ప్లగ్గు చూపిస్తాడు. పొద్దున తొమ్మిది దాటాక బాలాసోర్‌కు దక్షిణాన యాస్ తీరం తాకడం మొదలుపెడుతుంది, గంటకు 130 నుంచి 140 కిలోమీటర్ల గాలి. ఇక్కడికి నూటపాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. ఆసుపత్రి చెట్లు నేలదాకా వంగి లేస్తున్నాయి. సార్‌కి నాలుగు ముక్కలు మెసేజు పెడతావు. వచ్చేవారం పంపు, ముందు నాన్నను చూసుకో అని జవాబొస్తుంది.

ఆ తర్వాత చావింటి నుంచి ఫోను.

"అమ్మా, కార్డు అయిందా?"

గాజుల చెయ్యి ఇంకా మిగిలే ఉంది. ఏం చెప్తావు? కాలేదని చెప్పొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కానీ రేపే పెద్దకర్మ. టెక్కలిలో ఆయన చెల్లెలు ఆ కార్డులోనే అన్నను ఆఖరిసారి చూస్తుంది.

"గంటలో పంపుతాను మావయ్యా. మూడు వందలు అవుతుంది."

నోరు దాటింది. అవతల నిశ్శబ్దం. "ఇంట్లోనే ఉంటావు కదమ్మా..." అని మొదలుపెడతాడు. ఎక్కడున్నావో చెప్తావు. ఆయన గొంతు మారుతుంది. "అయ్యో. ముందు చెప్పలేదేం?" కాసేపటికి ఫోన్‌పే మోగుతుంది. మూడు వందలు. కింద మెసేజు: పేరులో తప్పు రాకుండా చూడమ్మా.

గీతకు గీత కలుపుతావు. పేరు అక్షరం అక్షరం చదువుతావు. పంపేస్తావు.

నాన్న ఇంటికొస్తాడు. జూన్‌లో. మెట్లెక్కితే ఆయాసం ఇంకా ఉంటుంది. కాలేజీలు నవంబరు 16 దాకా తెరుచుకోవు. ఆ లోపల నువ్వు ఇంకెన్ని మొహాలు కత్తిరిస్తావో ఎవరూ రాసి పెట్టరు.

ఇది చదువుతున్న మీకు ఒక మాట. ఆ రెండేళ్లలో మీ వాట్సాప్‌కి వచ్చిన కార్డులు ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. ఒక్క ఒత్తు కూడా తప్పిపోకుండా ఎవరో కూర్చుని చేసినవి అవి. మీ వీధిలోనే ఉంటారు వాళ్లు, ఇంకా చదువుకుంటూ ఉంటారు. ఈసారి పోస్టరో, పెళ్లి కార్డో, చావు కార్డో అడిగేటప్పుడు ధర ముందే అడగండి. సగం అప్పుడే ఇచ్చేయండి.