కొలకలూరుకు పత్రిక వచ్చిన దారి

తెలుగు పత్రికల చరిత్రను మనవాళ్లు సంపాదకుల పేర్లతో మొదలుపెడతారు. తెనాలి దగ్గరి కొలకలూరు లాంటి ఊళ్లో కూర్చుని రాస్తే రైలు పట్టాలతో మొదలుపెట్టాలి. 1899లో మద్రాసు–బెజవాడ మార్గం కలిసింది. 1916లో గుంటూరు–రేపల్లె లైను పడింది. కొలకలూరు స్టేషను ఆ లైను మీదిదే. మద్రాసులో అచ్చయిన కాగితం డెల్టా పల్లెల్లోకి రావడానికి దారి అలా ఏర్పడింది.

కాగితం మాత్రం చాలా దూరం నుంచి రావలసి వచ్చేది. కృష్ణా పత్రిక దీనికి మినహాయింపు; 1902లో బందరులో పుట్టింది కాబట్టి అది మన ఇరుగుపొరుగు పత్రికే. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టారు. అమృతాంజనం అమ్మి సంపాదించిన డబ్బే దానికి పెట్టుబడి. 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. ఆ ఏడే ఐరోపాలో యుద్ధం మొదలైంది. బెల్జియం ఎక్కడుందో తెలియని రైతుకు కూడా అక్కడి యుద్ధం సంగతి రోజూ తెలుగులో అందే రోజులు వచ్చాయి. అంతకుముందు ఏడాది, 1913లో, బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ప్రత్యేక రాష్ట్రం అనే మాటను సభ ముగిశాక కూడా జనంలో నిలబెట్టింది పత్రికలే.

అప్పట్లో చదువొచ్చినవాళ్లు తక్కువ. ఒకరు పైకి చదివితే పదిమంది వినేవారు. గ్రంథాలయోద్యమం ఆ అలవాటుకు ఒక గది, ఒక బల్ల ఇచ్చింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం ఆ గ్రంథాలయాల్లో తలమానికం. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే ఉంది. నా దృష్టిలో అంతకంటే విలువైనవి అక్కడ దాచిన పాత పత్రికలు. నిన్నటి పేపరును పొట్లాలకు వాడే సమాజంలో, ఒక పల్లె గ్రంథాలయం వాటిని తరాలపాటు కాపాడింది. చీరాల–పేరాల, పెదనందిపాడు పన్నుల సహాయ నిరాకరణ మీద పరిశోధన చేసేవారికి ఆ కట్టలు ప్రాణం. వాటిని బతికించే పూచీ ఊరి దాతలకు వదిలేసి ప్రభుత్వం పక్కకు తప్పుకోవడం తగదు.

క్విట్ ఇండియా రోజుల్లో, 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. అప్పటికి ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ రెండూ మద్రాసులోనే ఉండేవి. తెనాలి నెత్తురు గురించి తెనాలి చదవాలంటే, ఆ కబురు మద్రాసు దాకా పోయి, అచ్చయి, మళ్లీ రైలెక్కి రావాలి. రాతగాళ్లదీ అదే దారి. చక్రపాణి తెనాలివాడు. ఆయన చందమామ 1947లో మద్రాసులో వెలిసింది.

1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి విజయవాడలో మొదలయ్యాక ఆ దూరం తగ్గింది. 1974లో విశాఖలో పుట్టిన ఈనాడు ఊరూరా విలేకరులను పెట్టి, 1989లో జిల్లా పేజీలు తెచ్చింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. కొలకలూరు చెరువు, బడి, పంచాయతీ గొడవ కూడా అచ్చులో కనిపించే రోజులు వచ్చాయి. దీన్ని చిన్న విషయమనుకోకూడదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1992లో రాష్ట్రమంతా పాకడంలో జిల్లా పేజీల పాత్ర ఎంతో ఉంది.

వార్త దగ్గరకొచ్చిన కొద్దీ కిటికీ మాత్రం చిన్నదైంది. తెనాలి వార్త తెనాలికే, బాపట్ల వార్త బాపట్లకే చేరుతోంది. పక్క జిల్లాలో ఏం జరిగిందో తెలియడం కంటే అమెరికా సంగతి తెలియడమే తేలిక. దీనికి భిన్నంగా, యాభై లక్షలు దాటిన జనాభా ఉన్న నార్వేలో రెండొందలకు పైగా పత్రికలున్నాయి. వాటిలో చాలావరకు చిన్న ఊళ్లవే. 1969 నుంచి అక్కడి ప్రభుత్వం బలహీన పత్రికలకు డబ్బు సాయం చేస్తోంది. అక్కడ ఊరికి ఊరి పత్రిక ఉంటుంది, దేశానికి దేశపు పత్రిక ఉంటుంది. మనకు ఊరి సంగతి పెద్ద పత్రిక లోపలి పేజీగా మాత్రమే దక్కింది. ఆ పేజీ ఎక్కడ ఆగాలో ప్రకటనల లెక్క తేలుస్తుంది.

2022లో జిల్లాలు విడిపోయాక తెనాలి, కొలకలూరు గుంటూరు జిల్లాలో ఉండిపోయాయి. రేపల్లె, వేమూరు బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. రైలు అదే, కృష్ణా పశ్చిమ డెల్టా నీళ్లూ అవే. పై ఊళ్లలో నీళ్లు ఎందుకు ఆగాయో రేపల్లె వైపు శివారు రైతుకు తెలియాలంటే గుంటూరు జిల్లా పేజీ కూడా అతని ఇంటికి రావాలి.